యాభై దాటాక బ్యాంకు వదిలి నల్లకోటు వేసుకోవడం: ధైర్యమా, తిక్కా?

కొత్త_కోటు:
నాకు 54. ప్రభుత్వ రంగ బ్యాంకులో 26 ఏళ్లు చేసి వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాను. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, కిందటేడు వకీలుగా సనదు తీసుకున్నాను. ఇప్పుడు ఓ జిల్లా కోర్టులో నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడి దగ్గర జూనియర్‌ని. పొద్దున్నే ఆఫీసులో కాగితాలకి దబ్బనంతో కన్నాలు పెట్టి ట్యాగులు వేస్తాను. పదిన్నరకి కోర్టు. కేసు పిలిస్తే లేచి నిలబడి, మా సీనియర్ పక్క కోర్టులో ఉన్నారండీ అని టైం అడుగుతాను. ఒకప్పుడు నా కేబిన్ బయట జనం నిలబడేవాళ్లు, ఇప్పుడు బెంచి క్లర్కు ఎప్పుడు తలెత్తుతాడా అని నేను నిలబడుతున్నాను. అయినా రాత్రి హాయిగా నిద్ర పడుతోంది, బ్యాంకులో ఉండగా మొండి బకాయిల (ఎన్‌పీఏల) టెన్షన్‌తో అది లేదు. మా బావమరిది మాత్రం, ఈ వయసులో నీకిదేం పిచ్చి బావా అంటున్నాడు. ఇక్కడ ఎవరైనా ఇలా మారినవాళ్లు ఉన్నారా?

కిట్టు_డాలస్:
సూపర్ సార్. కేఎఫ్‌సీ చికెన్ పెట్టిన తాత ఫ్రాంచైజీలు ఇవ్వడం మొదలుపెట్టింది 62 ఏళ్లకి. వయసుదేముంది!

లెక్క_తప్పదు:
తిక్క అనను కానీ ధైర్యమని మాత్రం ఒప్పుకోను. 2010 ఏప్రిల్ 1కి ముందు బ్యాంకులో చేరినవాళ్లకి పాత పెన్షన్ ఉంది. 20 ఏళ్ల సర్వీసు దాటాక వాలంటరీ తీసుకున్నా అది వస్తుంది. అంటే మీరు కింద వల కట్టుకుని దూకారు. ప్రైవేటులో చేసినవాడికి పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పెన్షన్ కావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, అదీ 58కి. 50 నిండాక ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం కోత. జీతం లక్ష ఉన్నా చాలామందికి పెన్షన్ లెక్క 15,000 మీదే. అలాంటివాడు మీ పోస్టు చదివి రేపు రాజీనామా కొడితే వాడి ఇంటి వాయిదాలు ఎవరు కడతారు? కిట్టు గారూ, ఆ తాత 1930 నుంచే కెంటకీలో పెట్రోలు బంకు దగ్గర వంట చేసి అమ్ముతున్నాడు. కొత్త పని చేయలేదు, చేసిన పనినే పెద్దది చేశాడు.

బొబ్బిలి_బాబ్జీ:
కోడి సంగతి వదిలేయండి బాబూ, కోర్టు సంగతి చెప్పండి.

కొత్త_కోటు:
లెక్క గారూ, పెన్షన్ ఉందనే ధైర్యం చేశాను, దాచలేదు కదా. కానీ పెన్షన్ ఉన్న నా బ్యాచ్ వాళ్లందరూ ఏం చేస్తున్నారో తెలుసా? పొద్దున వాకింగ్, సాయంత్రం వాట్సాప్‌లో పెన్షన్ అప్‌డేషన్ ఎప్పుడు అని ఒకరినొకరు అడుక్కోవడం. డబ్బు ఉన్నంత మాత్రాన మనిషి కదలడు.

శారద_హనుమకొండ:
అన్నా, ఏమనుకోకండి, మీ ఇంట్లో వాళ్లు ఏమంటున్నరు? ఎవరూ అది అడగలేదు. మా ఆయన 45కి సాఫ్ట్‌వేర్ మానేసి డెయిరీ పెట్టిండు, తృప్తి కోసమని. ఆరు గేదెలు. రెండు ఒట్టిపోయినయి, ఒకటి పొదుగువాపుతో పాలు తగ్గించింది, దాణా ఖర్చు మాత్రం తగ్గలే. ఆయన నిజంగనే సంతోషంగా ఉన్నడు, అబద్ధం ఎందుకు చెప్పాలె. కానీ పాప కాలేజీ ఫీజు నా టీచర్ జీతంలో నుంచి పోతున్నది. పొద్దున నాలుగింటికి పాలు పిండే మనిషి రాకపోతే చెంబు పట్టుకునేది కూడా నేనే. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటది. నేను ఏ వృత్తీ మారలే, నాకు మాత్రం రెండు ఉద్యోగాలైనయి.

కిట్టు_డాలస్:
అక్కా, సపోర్ట్ చేసేవాళ్లు లేకపోతే ఎవరూ ఏమీ సాధించలేరు కదా.

శారద_హనుమకొండ:
సపోర్టంటే ఏందో ఒక వారం మా కొట్టంలో పేడ ఎత్తి చూడు తమ్ముడూ, అప్పుడు మాట్లాడదాం.

లెక్క_తప్పదు:
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. కొట్టానికి ఎంత పెట్టారమ్మా? లోనా, పీఎఫ్ తీశారా?

శారద_హనుమకొండ:
లెక్క అడగకండి సార్. నేను చెప్పింది లెక్క గురించి కాదు.

గుంటూరు_జూనియర్:
ఇందాకటి నుంచి చదువుతున్నాను. నాకు 27, ఆరో ఏడు ప్రాక్టీసు. కొత్త_కోటు గారూ, మీరు చేసే కేసులు ఏవి? చెక్ బౌన్సులే అయ్యుంటాయి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, వాడికి 15 రోజుల గడువు, అది దాటాక నెలలోపు కంప్లయింటు. ఇది మీకు నిద్రలో కూడా వచ్చు. ఇందులో కొత్త పని ఏముంది సార్? బ్యాంకులో చేసిన రికవరీనే కోటు వేసుకుని చేస్తున్నారు. కేఎఫ్‌సీ తాతకి చెప్పిందే మీకూ వర్తిస్తుంది.

కొత్త_కోటు:
ఆరో ఏడు అంటున్నారు, 27 అంటున్నారు. 21కే సనదు తీసుకున్నారా?

గుంటూరు_జూనియర్:
ఐదో ఏడు. తొందరలో టైప్ చేశాను. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు. జవాబు చెప్పండి.

కొత్త_కోటు:
చెబుతాను. చెక్ బౌన్సు కేసులు, అదే సెక్షన్ 138వి, నేను కళ్లు మూసుకుని చేస్తాను, నిజమే. నాకు రుచి తగిలింది అక్కడ కాదు. మా సీనియర్ ఒక పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా ఇచ్చి ఆస్తి వివరాల షెడ్యూలు రాయమన్నారు. నాలుగు హద్దులు, సర్వే నంబరు, విస్తీర్ణం, అంతే కదా అని పాత దస్తావేజు చూసి రాసేశాను. ఎందుకో అనుమానం వచ్చి ఆదివారం బస్సెక్కి పొలం దగ్గరికి వెళ్లాను. దస్తావేజులో పడమర డొంక అని ఉంది. అక్కడ డొంక లేదు, పక్క రైతు ఎప్పుడో కలిపేసుకుని దున్నేశాడు. క్లయింటు తల్లి, తొంభై దగ్గర ఉంటుంది, గట్టు మీద కూర్చుని చేతికర్రతో చూపించింది, ఇదిగో ఈ తుమ్మ మొదలు దాకా బండి వెళ్లేది అని. ఇరవై ఆరేళ్లలో వేల తనఖా దస్తావేజులు చేతుల్లోంచి పోయాయి. హద్దులంటే కాగితం మీద టిక్కు పెట్టే గడులు నాకు. ఆ సాయంత్రం షెడ్యూలు మళ్లీ రాసుకుంటుంటే కలిగిన సంతోషం ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా లేదు. ఇది కొత్త పని కాదంటే నేనొప్పుకోను.

బొబ్బిలి_బాబ్జీ:
ఇంతకీ డొంక దొరికిందా?

కొత్త_కోటు:
దావాకి నంబరు పడింది. డొంక మీద అవతలివాళ్ల జవాబు, అదే రిటన్ స్టేట్‌మెంట్, రావాలి.

గుంటూరు_జూనియర్:
కథ బాగుంది సార్. నా కథ కూడా వినండి. మా సీనియర్ నెలకి ఇచ్చేది పెట్రోలుకే చాలదు. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకి పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని చెప్పింది. సిఫార్సే కాబట్టి మా ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. 2019 చివర్లో ఆంధ్రలో లా నేస్తం అని నెలకి 5,000 మొదలుపెట్టారు, అదీ ప్రాక్టీసు మొదటి మూడేళ్ల వరకే. కాబట్టి నేను బతికేది సొంతంగా పట్టుకున్న చిన్న కేసుల మీద. మా బార్ అసోసియేషన్‌లో ఉద్యోగం నుంచి రిటైరై వచ్చిన ఒకాయన 138 కంప్లయింటు రెండు వేలకి వేస్తాడు, నేను ఆరు అడుగుతాను. నా దగ్గరికి ఎవడొస్తాడు? ఆయన కూడా తనకి నిద్ర బాగా పడుతోందనే అందరికీ చెబుతాడు. మీరెంత తీసుకుంటారు?

లెక్క_తప్పదు:
ఇదీ అసలు ప్రశ్న.

కొత్త_కోటు:
ఇది వ్యక్తిగతం. ఫీజు నాకూ క్లయింటుకీ మధ్య విషయం. లా అందరికీ తెరిచి ఉన్న తలుపు, పాతికేళ్లవాళ్ల సొత్తు కాదు. మీకు పని రాకపోవడానికి నన్ను నిందిస్తే ఎలా? 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) వచ్చింది, మోసం సెక్షన్ 420 కాస్తా 318 అయింది. నలభై ఏళ్ల సీనియర్లు కూడా సెక్షన్లు వెతుక్కుంటున్నారు. అందరం కలిసి మొదలుపెట్టినట్టే.

గుంటూరు_జూనియర్:
అందరం కాదు సార్. మీకు ఒకటో తారీఖున పెన్షన్ పడుతుంది, నాకు అద్దె పడుతుంది. అడిగింది చెప్పండి.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత దూషణకి వెళ్తే తాళం వేస్తాను.

శారద_హనుమకొండ:
ఇందులో దూషణ ఏముంది? ఆ పిల్లగాడు సరిగ్గానే అడిగిండు. ఒకరి తృప్తికి ఇంకొకరు కట్టే బిల్లు ఎంత అన్నదే కదా ప్రశ్న.

కొత్త_కోటు:
సరే. రెండున్నర వేలు. నాకు అంతకంటే అవసరం లేదు, అడగడం నాకు చేతకాదు కూడా. వచ్చేవాళ్లు బీదాబిక్కీ. వాళ్ల దగ్గర ఆరు వేలు పిండమంటారా? న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా చేద్దామంటే ప్యానెల్‌కి మామూలుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంటారు. అప్పటిదాకా తక్కువకి చేస్తాను. ఇది మార్చుకోను.

గుంటూరు_జూనియర్:
138లో ఫిర్యాదు చేసేది అప్పిచ్చినవాడు సార్, బీదవాడు కాదు. ఎక్కువగా నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాడు. మీరు తగ్గించిన ఫీజు వాడి జేబులోకే పోతోంది. బీదవాడు అవతల ముద్దాయి బోనులో ఉంటాడు. వాడి వైపు వకాల్తా వేసి వెయ్యి రూపాయలే తీసుకోండి, ఒక్క మాట అనను.