ఐదు వందల ఏనుగులకు నాలుగు రాష్ట్రాలు: సెల్యూకస్ ఓడిపోయాడా, బేరం కుదుర్చుకున్నాడా?

పాతనోట్‌బుక్:
నేను పోటీ పరీక్షల పిల్లలకు చరిత్ర చెబుతాను. ప్రతి బ్యాచ్‌కీ ఒక వాక్యం రాయిస్తాను: "క్రీ.పూ. 305లో చంద్రగుప్త మౌర్యుడు సెల్యూకస్ నికేటర్‌ను ఓడించాడు." పదిహేనేళ్లుగా రాయిస్తున్నా. మొన్న వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, గెలిచినవాడు ఓడినవాడికి ఐదు వందల ఏనుగులు ఎందుకిచ్చాడు?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు జవాబు తోచలేదు. రేపు చెబుతానని తప్పించుకుని వచ్చా.

సందర్భం తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో చనిపోయాక ఆయన సేనానులు రాజ్యం కోసం కొట్టుకున్నారు. ఈజిప్టు టాలమీకి, బాబిలోన్, దాని తూర్పు భాగాలు సెల్యూకస్‌కి దక్కాయి. ఇటు నందులను దించి చంద్రగుప్తుడు పాటలీపుత్రం ఎక్కాడు. ఇద్దరూ సింధు దగ్గర తలపడ్డారు. చివరికి 303 ప్రాంతంలో ఒప్పందం కుదిరి, కాబూల్ లోయ, కాందహార్ ప్రాంతమైన అరకోసియా, బలూచిస్తాన్ వైపు గెద్రోసియా చంద్రగుప్తుడికి వచ్చాయి. హెరాత్ చుట్టూ ఉన్న అరియాను కూడా కొందరు కలుపుతారు. సెల్యూకస్‌కి ఐదు వందల ఏనుగులు వెళ్లాయి. మధ్యలో ఒక పెళ్లి సంబంధం. ఇది ఓటమా, బేరమా? చెప్పండి, రేపు క్లాసుంది.

సిక్కోలు_కుర్రోడు:
మాస్టారూ, ఇందులో అనుమానం ఏముంది? సింధు దాటి వచ్చింది ఎవరు? సెల్యూకస్. ఆ మాట రోమన్ల కాలపు గ్రీకు చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. వచ్చినవాడు పంజాబ్ పట్టుకుపోయాడా? లేదు. పైగా కాబూల్, కాందహార్ వదిలేసి పోయాడు. మన పొలం మీదికి గొడవకొచ్చినవాడు తన రెండెకరాలు మన పేర రాసిచ్చి పోతే ఊళ్లో దాన్ని ఏమంటారు? ఏనుగులంటారా, అది గెలిచినవాడి మర్యాద. వియ్యంకుడిని వట్టి చేతులతో పంపుతామా?

నాణేలపిచ్చి:
వియ్యంకుడికి పంచెల చాపు పెడతారు గానీ, సైన్యం పెట్టరు కదండీ.

తేదీలు వరసగా పెట్టుకుని చూడండి. సెల్యూకస్‌కు అసలు శత్రువు పడమట ఉన్నాడు. ఆంటిగోనస్, ఒంటికన్ను ముసలాయన. సెల్యూకస్‌ను ఒకసారి బాబిలోన్ నుంచి పారిపోయేలా చేశాడు. సెల్యూకస్ ఈజిప్టులో టాలమీ దగ్గర తలదాచుకుని, 312లో వెయ్యి మందిని వెంటేసుకుని వచ్చి ఊరు మళ్లీ దక్కించుకున్నాడు. 306లో ఆంటిగోనస్ తానే రాజునని ప్రకటించుకున్నాడు. అలెగ్జాండర్ రాజ్యమంతా తనకే కావాలి ఆయనకు. అలాంటివాడు వెనక కాచుకుని ఉండగా, ఎక్కడో సింధు ఒడ్డున ఏళ్ల తరబడి యుద్ధం చేస్తూ కూర్చోవడం ఏ రాజుకైనా ఆత్మహత్యే.

ఇప్పుడు ముగింపు చూడండి. గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ లెక్క ప్రకారం సెల్యూకస్ తూర్పు నుంచి ఇప్పటి టర్కీలోని కప్పడోకియాకు చేరేసరికి వెంట 480 ఏనుగులున్నాయి. 301లో ఫ్రిజియాలోని ఇప్సస్ దగ్గర యుద్ధం. ఆంటిగోనస్ కొడుకు దెమెత్రియస్ గుర్రపు దళంతో దూసుకెళ్లి ఎదుటివాళ్లను తరుముకుంటూ చాలా దూరం పోయాడు. తిరిగి రాబోతే మధ్యలో ఏనుగులు గోడలా నిలబడ్డాయి. ఇవతల తండ్రి ఎనభై ఏళ్ల వయసులో ఈటెల దెబ్బలకు పడిపోయాడు. ఆ రోజుతో సిరియా సెల్యూకస్‌ది అయింది. కొండలూ ఎడారులూ ఇచ్చి మధ్యధరా తీరం కొనుక్కున్నాడు. దీన్ని ఓటమి అంటే వ్యాపారులు నవ్వుతారు.

ఆయన నాణేలమీద ఏనుగులు లాగే రథం ఉంటుంది. ఓడిపోయి తెచ్చుకున్న వస్తువును ఎవరూ నాణెం మీద వేయించుకోరు.

సిక్కోలు_కుర్రోడు:
ఇప్సస్‌లో గెలుస్తానని 303లోనే ఆయనకు కల వచ్చిందా? జరిగిపోయినదాన్ని చూసి ముందే ప్లాన్ ఉందనడం సులువు. సింధు దాటినప్పుడు ఏనుగులు కొనడానికే వచ్చాడంటే నేను నమ్మను. కొనడానికైతే దూతను పంపిస్తే సరిపోయేది.

నాణేలపిచ్చి:
ఇది ఒప్పుకుంటాను. వచ్చింది మాత్రం ఆక్రమించడానికే.

మున్నేరు:
మీ ఇద్దరి వాదనలోనూ ఒక మాట పరిశీలించకుండానే దొర్లిపోయింది. ఆ నేల సెల్యూకస్‌దేనని ఇద్దరూ అనుకుంటున్నారు. నిజంగా ఆయన చేతిలో ఉందా?

అలెగ్జాండర్ సింధు ప్రాంతంలో వదిలి వెళ్లిన యూదెమస్ 317 నాటికి పోరస్‌ను చంపించి, 120 ఏనుగులు తోలుకుని పడమటి యుద్ధాల్లోకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాదికి అక్కడి ఇంకో గవర్నర్ పైథాన్ కూడా వెళ్లిపోయాడు. అరకోసియా గవర్నర్ సిబిర్టియస్. 316లో అతన్ని ఆ పదవిలో ఉంచింది, ఆశ్చర్యపోకండి, ఆంటిగోనస్! ఇక సెల్యూకస్ తూర్పు రాష్ట్రాలను ఒక్కొక్కటిగా లోబరచుకుంటూ వచ్చిందే ఆ తరవాత. హిందూకుష్ పర్వతాలకు ఉత్తరాన ఉన్న బాక్ట్రియా ఆయనకు గట్టిగా చిక్కింది. హిందూకుష్‌కి దక్షిణాన ఆయన పట్టు ఎంతన్నది చెప్పే ఆధారం బలహీనం. కాబట్టి ఆ దానంలో కొంత భాగం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. పెళ్లి సంబంధం కూడా ఉంది కాబట్టి సామెత ఇంకా బాగా కుదిరింది.

ఇంకోటి. గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఆ ప్రాంతాల పేర్లు చెప్పేటప్పుడు సింధు వెంబడి ఉన్న "కొంత భాగం" భారతీయుల చేతిలో ఉందంటాడు. నాలుగు రాష్ట్రాలూ పూర్తిగా అనలేదు. నాలుగూ అన్నది రోమన్ రచయిత ప్లినీ ఇచ్చిన రాష్ట్రాల జాబితాను స్ట్రాబో మాటతో కలిపి మనవాళ్లు వేసుకున్న లెక్క. నేలమీద చూస్తే కాందహార్‌లో అశోకుడి శాసనం ఉంది, 1958లో బయటపడింది, గ్రీకులో, పడమటి ఆసియా భాష అరామిక్‌లో. కాబూల్ వైపు లఘ్మాన్ లోయలోనూ అరామిక్ శాసనాలున్నాయి. హెరాత్ వైపు అశోకుడి రాయి ఒక్కటీ దొరకలేదు. అందుకే నేను అరియాను లెక్కలోంచి తీసేస్తాను.

పలమనేరు_ఫారెస్ట్:
అన్నా, నాకు చరిత్ర పెద్దగా తెలీదు. ఏనుగుల గొడవ మాత్రం బాగా తెలుసు, మా పని అదే. మీరంతా ఐదు వందలు అని ఏదో బస్తాలు లెక్కపెట్టినట్టు రాస్తున్నారు.

పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల మేత తింటుందనుకోండి. ఐదు వందలకు 75 టన్నులు. ఒక్క రోజుకి. నీళ్లు వేరే. అదీ సింధు నుంచి టర్కీ దాకా, ఎండిపోయిన కొండల మధ్య. మదమెక్కిన మగ ఏనుగును గుంపులో నడిపించడం ఇంకో తలనొప్పి. మా దగ్గర నాలుగు ఏనుగులు చెరకు తోటలో దిగితేనే రాత్రంతా నిద్రుండదు.

పైగా ఏనుగొక్కటే పోదు. మావటి పోవాలి. ఏనుగు వినేది అతని కాలి వేళ్ల నొక్కు, అతని మాట. గున్నను కని, పెంచి, పనిలోకి దింపాలంటే పదేళ్లు పైనే. పట్టు ఏనుగులు ఈనడం కూడా తక్కువ. అందుకే అడవి ఉన్నవాడి దగ్గరే ఏనుగులుంటాయి. సెల్యూకస్‌కి అడవి లేదు. నా చిన్న బుర్రకు తోచేది ఒకటే: ఏనుగులు ఇచ్చినవాడు ఎప్పుడైనా మళ్లీ ఇవ్వగలడు, పుచ్చుకున్నవాడు ఎప్పుడూ అడుగుతూనే ఉండాలి. ఇందులో ఎవరిది పైచేయో మీరే చెప్పండి.

మున్నేరు:
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే మంచి పోస్టు. మీరు ఊహించి చెప్పింది అక్షరాలా జరిగింది. సుమారు వందేళ్లకు, 206లో, సెల్యూకస్ వంశంలోని మూడో ఆంటియోకస్ హిందూకుష్ దాటి వచ్చి, సుభాగసేనుడు అనే భారతీయ రాజుతో పాత స్నేహం కొత్త చేసుకున్నాడు. ఎందుకంటారా? ఏనుగులకు. గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ లెక్కలో అతని ఏనుగులు 150 అయ్యాయి.

మావటి గురించి మీరన్న మాటకు ఇంకొక సంగతి. గ్రీకులు మావటిని "ఇందోస్" అనేవారు, అంటే భారతీయుడు. ఆ తరవాత మావటి ఏ దేశంవాడైనా అదే పేరు. ఒప్పందంలో ఐదు వందల ఏనుగులని రాశారు గానీ, వాటితో వెళ్లిన మనుషుల లెక్క ఎవరూ రాయలేదు.

సిక్కోలు_కుర్రోడు:
నేను చెప్పిందీ అదే కదా మేడమ్! ప్లినీ ఇచ్చిన సైన్యాల జాబితాలో పాటలీపుత్రం రాజుకు 9,000 ఏనుగులు. అందులో ఐదు వందలంటే నూటికి ఆరు కూడా కాదు. అదే జాబితాలో మన ఆంధ్రుల రాజుకు ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, వెయ్యి ఏనుగులు. అంటే చంద్రగుప్తుడు ఇచ్చింది ఆంధ్రుల దగ్గరున్నదాంట్లో సగం. చిల్లర ఇచ్చి కాందహార్ కొన్నాడు. బేరమే అనుకున్నా, గెలిచింది మనవాడే.

మున్నేరు:
ఆంధ్రుల మాట వచ్చేసరికి ప్లినీ అంకెలన్నీ నమ్మేస్తున్నారు! అవి చంద్రగుప్తుడి కొలువుకు సెల్యూకస్ పంపిన దూత మెగస్తనీస్ నుంచి వచ్చాయని ఎక్కువమంది అనుకుంటారు. అయితే దూతలు రాసే సైన్యం లెక్కలు ఎప్పుడూ కాస్త ఉబ్బి ఉంటాయి. ఐదు వందలన్నది కూడా పెంచిన అంకేనని వాదించినవాళ్లున్నారు. ఇప్సస్‌లో 400 అని గ్రీకు జీవిత చరిత్రల రచయిత ప్లూటార్క్, వచ్చేటప్పుడు 480 అని డియోడోరస్ అంటున్నారు కాబట్టి నాకైతే ఐదు వందలు మరీ అసాధ్యంగా అనిపించదు.

నా అసలు ఇబ్బంది వేరే. యుద్ధం జరిగిందని అప్పియన్ ఒక్క వాక్యంలో అంటాడు, ఎవరు గెలిచారో అనడు. ఆయన రాసింది సంఘటన జరిగిన నాలుగు వందల ఏళ్ల పైన. స్ట్రాబో మూడు వందల ఏళ్ల తరవాత. రోమన్ చరిత్రకారుడు జస్టిన్ ఒప్పందం అయిందని చెప్పి ఆంటిగోనస్ మీదికి పరుగెడతాడు. ఒక్కరూ యుద్ధరంగం పేరు చెప్పలేదు. మన వైపు సెల్యూకస్ పేరెత్తిన సమకాలపు రాత అసలే లేదు. మాస్టారూ, మీ "ఓడించాడు" అన్న క్రియాపదం ఏ పాత రచయితా వాడలేదు.

నాణేలపిచ్చి:
అవును, నిజంగా చావుదెబ్బ తిని ఉంటే శత్రువులు ఊరుకునేవారా? దెమెత్రియస్ కొలువులో మందు తాగుతూ సెల్యూకస్‌ని "ఏనుగుల దళపతి" అని వెక్కిరించేవాళ్లట. "ఇండియాలో తన్నులు తిన్నవాడు" అని మాత్రం ఎక్కడా లేదు.

సిక్కోలు_కుర్రోడు:
ఆ వెక్కిరింత కూడా ప్లూటార్క్ నాలుగు వందల ఏళ్ల తరవాత రాసిందే కదా. మీకు అనుకూలమైతే సాక్ష్యం, నాకు అనుకూలమైతే పుకారా?

నాణేలపిచ్చి:
దెబ్బ తగిలింది. ఒప్పుకున్నా.

వెన్నెల_రేవు:
మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మరి హెలెనా? చంద్రగుప్తుడు సెల్యూకస్ కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు కదా, సీరియల్‌లో చూశాం.

మున్నేరు:
హెలెనా అన్న పేరు ఏ పాత గ్రంథంలోనూ లేదండీ. స్ట్రాబో మాట "ఎపిగామియా". రెండు జాతుల మధ్య పెళ్లిళ్లు చెల్లుతాయన్న ఒప్పందం అని కూడా దానికి అర్థం చెప్పుకోవచ్చు. అప్పియన్ మాట రాజకుటుంబాల వియ్యంలా వినిపిస్తుంది. కాందహార్‌లో స్థిరపడ్డ గ్రీకులు రాత్రికి రాత్రి మౌర్యుల ప్రజలయ్యారు కాబట్టి మొదటి అర్థమూ బాగానే పొసుగుతుంది. భవిష్య పురాణంలో యవన (గ్రీకు) కన్యతో పెళ్లి ఉందని ఎవరో ఒకరు అంటారని ముందే చెబుతున్నా: ఆ భాగంలోనే బైబిల్లోని ఆదాము, నోవహు కూడా ఉన్నారు, అంటే అది చాలా తరవాత చేర్చినదే.

పాతనోట్‌బుక్:
అందరికీ థాంక్స్. ఇవాళ క్లాసులో ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచి వాక్యం మార్పించా: "క్రీ.పూ. 305 ప్రాంతంలో సెల్యూకస్ సింధు దాటి వచ్చాడు. పోయిన ప్రాంతాలు తిరిగి దక్కించుకోలేక, ఏనుగులు తీసుకుని కొంత నేల చంద్రగుప్తుడికి వదిలి పడమటికి మళ్లాడు." ఓడించాడు అన్నది కొట్టేశా. లాభపడ్డాడు అని కూడా రాయించలేదు, 303లో అది సెల్యూకస్‌కే తెలీదు కదా. నా మొగ్గు మాత్రం సిక్కోలు తమ్ముడి వైపే కాస్త. రావడానికి ఒక ఉద్దేశం ఉంది, అది నెరవేరలేదు. యుద్ధరంగంలో నెరవేరలేదా, గుడారంలో మాటల దగ్గరా అన్నది పక్కన పెడదాం.

సిక్కోలు_కుర్రోడు:
పరీక్ష కీలో మాత్రం "ఓడించాడు" అనే ఉంటుంది మాస్టారూ. పిల్లలకు టెన్షన్ పెట్టకండి.

పాతనోట్‌బుక్:
అదీ చెప్పా. "బిట్‌లో అది పెట్టండి, వ్యాసంలో ఇది రాయండి" అన్నా. అప్పుడూ నవ్వారు.

గుత్తికోట:
ఆలస్యంగా చూశాను. కాందహార్ దాకా వెళ్లారు గానీ మా ఎర్రగుడిని మరిచారు. గుత్తి నుంచి పత్తికొండ దారిలో, రోడ్డు పక్కనే గుట్ట. అశోకుడి శిలాశాసనాలు ఆ బండల మీదే ఉన్నాయి. రెండో శాసనంలో యవనరాజు ఆంటియోకుడి పేరు వస్తుంది, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతిలో. ఆ ఆంటియోకుడు ఈ సెల్యూకస్ కొడుకో మనవడో. తాతల నాటి ఒప్పందం మనవళ్ల కాలానికి మందుమొక్కల దాకా వచ్చిందన్నమాట. మాస్టారూ, పిల్లల్ని తీసుకొస్తే చూపిస్తాను. ఎండాకాలం మాత్రం వద్దు, బండలు కాలిపోతాయి.

పలమనేరు_ఫారెస్ట్:
పశువులకు వైద్యం అంటే ఏనుగులకూ అనే అనుకుంటాను. నేనూ వస్తానన్నా.