‘నెష్’ అంటే చలికి ఆగలేకపోవడమేనా?

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వచ్చిన మొదటి ఏడాది, సెప్టెంబరులోనే మందపాటి కోటు వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. పక్క సీటు పెద్దాయన నవ్వి, “నువ్వు మరీ నెష్” అన్నాడు. తిట్టేమో అనుకున్నా. చలికి ఆగలేనివాళ్లను అలా అంటారట. మన ఇళ్లలో “అబ్బో, మహా సుకుమారం!” అంటారే, అలాంటి దెప్పుడే. డర్బీషైర్, స్టాఫర్డ్‌షైర్ వైపు కూడా ఈ మాట బతికే ఉంది.

ఇదేదో ఊరివాళ్ల యాస అని వదిలేసేదాన్నే. కానీ దీని వయసు వెయ్యేళ్లు దాటింది. ప్రాచీన ఇంగ్లిషులో దీని రూపం ‘హ్నెషె’, అర్థం ‘మెత్తని’. ప్రత్యేకంగా చలి సంగతేమీ లేదు. ముందున్న హకారం తర్వాత రాలిపోయింది. ‘హ్లాఫ్’ లోఫ్ అయింది, ‘హ్నుతు’ నట్ అయింది, ఇదీ అంతే.

నాకు బాగా నచ్చిన సాక్ష్యం మత్తయి సువార్త 11:8. మన తెలుగు బైబిల్లో అక్కడ “సన్నపు బట్టలు” అని ఉంటుంది. ఇంగ్లిషుకు దూరపు చుట్టమైన పాత భాష గోతిక్‌లోకి 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ చేసిన అనువాదంలో ఆ ‘సన్నపు’ ఉన్నచోట ‘హ్నస్కుస్’ అనే మాట రూపం కనిపిస్తుంది. అది మన నెష్‌కి చుట్టమే. ప్రాచీన ఇంగ్లిషు సువార్తలోనూ అక్కడ ఉన్నది హ్నెషె రూపమే. మనవాళ్లు నేత చూశారు, వాళ్లు బట్ట తడిమి చూశారు!

— మెత్తదనానికి ‘సాఫ్ట్’ ఉంది కదండీ, మళ్లీ ఇదెందుకు?

— సాఫ్ట్‌కి మొదట్లో ‘హాయిగా, నెమ్మదిగా’ అనే అర్థం ఉండేది. పోనుపోను పరుపు మెత్తన, పండు మెత్తన అన్నీ అదే లాగేసుకుంది. నెష్‌కి మనుషుల మెత్తదనం మిగిలింది, ఇప్పుడు అందులోనూ ఎక్కువగా చలి.

— నిఘంటువుల్లో దొరుకుతుందా?

— జోసెఫ్ రైట్ ఇంగ్లిష్ మాండలిక నిఘంటువు చూడండి. 6 సంపుటాలు, 1898 నుంచి 1905 దాకా వచ్చాయి. చిన్నప్పుడే మిల్లు పనికి వెళ్లిన మనిషి, 15 ఏళ్లు వచ్చేదాకా చదవడం రాదు. గోతిక్ వ్యాకరణం రాసిందీ ఆయనే. అంటే ఈ మాట రెండు కొసలూ ఆయన చేతిలోనే ఉన్నాయన్నమాట.

సరే, మీ వైపు చలికి ఆగలేనివాళ్లను ఒక్క మాటలో ఏమంటారు? ‘సుకుమారం’ వద్దు, అది ఎండకూ పనికొస్తుంది, అన్నం ఉడక్కపోతే అలిగేవాళ్లకూ పనికొస్తుంది.