డెలోస్‌లో ఇన్ని ఇళ్ళున్నాయి, ఒక్క సమాధీ కనిపించదేం?

గోదారిగట్టు:

మే నెలలో నేనూ మా ఆవిడా గ్రీస్ వెళ్ళాం. మైకొనోస్ నుంచి అరగంట పడవ ప్రయాణం చేస్తే డెలోస్ ద్వీపం. గ్రీకు దేవుడు అపోలో పుట్టిన చోటు కదా, గుళ్ళు చూద్దామని వెళ్ళాను గానీ నా మనసంతా ఇళ్ళ దగ్గరే ఆగిపోయింది. నాటకశాల వైపు ఎక్కే సందులో రెండు పక్కలా ఇళ్ళే. గడప రాయి, చిన్న నడవా, మధ్యలో చుట్టూ స్తంభాలున్న వాకిలి, దాని కింద వాననీటి తొట్టి. మా తాతగారి మండువా లోగిలి కళ్ళ ముందు కదిలింది. వానొస్తే నాలుగు వైపులా చూరు నీళ్ళు మధ్యలోకి పడేవి. ఇక్కడా అంతే, కాకపోతే వీళ్ళు ఆ నీళ్ళని ఒక్క చుక్క పోనివ్వకుండా దాచుకున్నారు.

ఒక ఇంట్లో తలలు లేని రెండు విగ్రహాలున్నాయి. క్లియోపాట్రా, డయోస్కూరిడెస్ అనే భార్యాభర్తలవట. చనిపోయినవాళ్ళ గుర్తుగా పెట్టారేమో అనుకున్నాను. అప్పుడే అనుమానం వచ్చింది: ఇంత ఊరికి శ్మశానం ఏది? రోజంతా తిరిగినా ఒక్క సమాధి కనపడలేదు. గైడ్‌ని అడిగితే "ఇక్కడ చనిపోవడం నిషేధం" అని ఒక్క ముక్క చెప్పి, పడవ టైమ్ అవుతోందని ముందుకెళ్ళిపోయింది.

ఇంకొకటి. కొన్ని ఇళ్ళ వీధి గుమ్మం పక్కన బయటి గోడకి ఆనుకుని చిన్న దిమ్మె ఉంది, దాని మీద ముక్కలు ముక్కలుగా పాత పూత. ఒకప్పుడు అక్కడ రంగుల బొమ్మలుండేవట. లోపల గోడలని పాలరాతి పలకల్లా అంత నాజూకుగా చేయించుకున్నవాళ్ళు, ఎండా గాలీ తగిలే వీధిలో బొమ్మలెందుకు వేయించారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పల్నాటి పాఠకుడు:

గైడ్ చెప్పింది నిజమే. క్రీ.పూ. 426–425 శీతాకాలంలో ఏథెన్స్‌వాళ్ళు ద్వీపాన్ని శుద్ధి చేశారు. అక్కడున్న సమాధులన్నీ తవ్వి, అందులోవి ఎదురుగా ఉన్న రెనియా ద్వీపానికి తరలించారు. అప్పటినుంచి డెలోస్ మీద ఎవరూ చావకూడదు, ఎవరూ కనకూడదు. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళనీ నిండు గర్భిణులనీ పడవెక్కించి రెనియాకి దాటించాలి. మధ్య జలసంధి కిలోమీటరు కూడా ఉండదు.

ఇది రాసినవాడు ఆ కాలపు గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడీస్. ఆయనే ఇంకో మాట రాశాడు: తవ్విన సమాధుల్లో సగానికి పైగా కారియన్లవని (ఇప్పటి టర్కీ నైరుతి తీరంవాళ్ళు) తేలిందట, పక్కన పెట్టిన ఆయుధాలనీ పూడ్చిన పద్ధతినీ చూసి పోల్చారట. పూడ్చిన తీరు చూసి మనిషి ఏ జాతివాడో చెప్పడం అప్పుడే మొదలైందన్నమాట! ఆ తరలించినవన్నీ పోసిన గొయ్యి రెనియాలో 1898లో స్తావ్రోపూలోస్ తవ్వకాల్లో బయటపడింది. అందులోని కుండలు ఇప్పుడు మైకొనోస్ మ్యూజియంలో ఉన్నాయి.

సున్నపుపాలు:

గోదారిగట్టు గారూ, మీరు అడిగినవి రెండూ నాకు ఒకటే ప్రశ్నలా అనిపిస్తాయి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాది గోడ చిత్రాలను కాపాడే పని. ఊడిపోతున్న పూత వెనక్కి సిరంజితో సన్నటి సున్నపుపాలు ఎక్కించి, తడి పత్తి అద్ది, అది పట్టుకునేదాకా అరచేత్తో ఒత్తిపెట్టి కూర్చోవడం. అందుకే ఏ గోడ దగ్గరికెళ్ళినా నా చూపు ముందు బొమ్మ మీద పడదు, పూత అంచు మీద పడుతుంది. డెలోస్‌లో రెండు రోజులు అంచులు చూస్తూనే తిరిగాను.

ముందు లోపలి గోడలు. అసలు గోడ అక్కడి గ్రానైటు, నైస్ అనే చారల రాళ్ళతో కట్టింది. దాని మీద సున్నపు పూతని కట్టుడు రాళ్ళలా ఉబ్బెత్తుగా దిద్ది, అతుకుల దగ్గర గాడి తీసి, ఒక్కో దిమ్మెకి ఒక్కో రంగు వేశారు. అడుగున పీఠం, దాని మీద నిలువెత్తు పలకలు, ఆపైన సన్నటి పట్టీ, పట్టీ మీద మళ్ళీ చిన్న దిమ్మెల వరసలు. బొమ్మలంటూ ఉంటే ఆ సన్నటి పట్టీలోనే ఉంటాయి. హాస్యనటుల ఇల్లు అని పేరు పెట్టిన ఇంట్లో ఆ పట్టీ నిండా నాటకాల దృశ్యాలే. పై అంతస్తుల అలంకరణ గోడ మీద మిగల్లేదు, కూలి నేల మీద పడ్డ ముక్కల్లోనే దొరుకుతుంది. ఒక్కో ముక్కా వెనక్కి తిప్పి, ఏ పొర మందం దేనితో కలుస్తుందో చూసి జత చేస్తారు. బొమ్మ వైపు చూసి జత చేస్తారని చాలామంది అనుకుంటారు, కానీ చాలాసార్లు జవాబు చెప్పేది వెనక వైపే.

ఇటలీలోని పాంపేలో ఇదే తరహా గోడలకి 1882లో ఆగస్ట్ మావ్ అనే జర్మన్ పండితుడు 'మొదటి శైలి' అని పేరు పెట్టాడు. అక్కడ 'ఫాన్ ఇల్లు' అని పేరున్న ఇంట్లో చూడొచ్చు. కానీ కాలం తేల్చడానికి డెలోస్ ఇంకా గట్టి ఆధారం. క్రీ.పూ. 166లో రోమ్ దీన్ని ఏథెన్స్ చేతిలో పెట్టి, సుంకం లేని రేవుగా చేసింది. వర్తకులు వచ్చిపడ్డారు. క్రీ.పూ. 88లో రోమ్ మీద యుద్ధానికి దిగిన పొంటస్ రాజు మిత్రిడేట్స్ సైన్యం, 69లో సముద్రపు దొంగలు ఊరిని నాశనం చేశారు. ఆ తర్వాత అక్కడ అలా బతికినవాళ్ళు లేరు. కాబట్టి ఈ సంపన్నపు గోడల్లో ఎక్కువ భాగం ఆ వందేళ్ళలోనివే.

ఇప్పుడు మీ వీధి గుమ్మం. ఆ దిమ్మె బలిపీఠం. బొమ్మలు దాని మీదా, పక్క గోడ మీదా ఉండేవి. ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళ ముందరివి. టోగా కప్పుకున్న మనుషులు పీఠం దగ్గర నిలబడి ఉంటారు, ఒకడు పందిని తోలుకొస్తుంటాడు, పక్కన గదతో హెరాక్లీస్, ముష్టియుద్ధం చేసేవాళ్ళు, నాట్యమాడుతున్న లారెస్ దేవతలు. లారెస్ అంటే రోమన్ల ఇంటినీ కూడలినీ కాచే దేవతలు. వాళ్ళ పండుగ కంపిటాలియా. లోపల గోడ పూర్తిగా గ్రీకు పద్ధతి, బయట గుమ్మం దగ్గర మాత్రం రోమన్ దుస్తులు, రోమన్ పూజ. పైగా పనితనం కూడా వేరు. లోపలిది ఖరీదైన పనివాడి చేయి. బయటిది గబగబా, నాలుగు రంగుల్లో, లావు కుంచెతో వేసింది.

గబగబా ఎందుకంటే పాతదాని మీద పూత వేసి మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు, ఎప్పటికీ ఉండాలని కాదు. మా అమ్మమ్మ ఇంట్లో సంక్రాంతికి ముందు ఏటా వెల్ల వేసేవారు. ఒకసారి దొడ్డి తలుపు మూలన అరచేయంత పెచ్చు ఊడింది. అంచున ఉల్లిపొరల్లా గీతలు, మధ్యమధ్య నీలిమందు ఎక్కువైన ఏడు కొంచెం నీలంగా. గోరుతో లెక్కపెట్టాను, పంతొమ్మిది. ఈ పనిలోకి రాకముందే నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. డెలోస్ పీఠాలూ అలాగే పొర మీద పొర, ప్రతి పొర మీదా దాదాపు అదే బొమ్మ. తవ్వినవాళ్ళు పై పొర తీస్తే కింద ఇంకో పంది, ఇంకో పూజ. మార్సెల్ బూలార్ వీటి మీద 1926లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. సముద్రపు గాలికి ఉప్పు పొంగి అసలు పూత పెచ్చులూడిపోతోంది. అందుకే ఆ రోజుల్లో చూసి వేసుకున్న రంగు నకళ్ళు మాలాంటివాళ్ళకి ప్రాణం.

ఈ కంపిటాలియా పండుగలో ముందుండేది బానిసలూ, విడుదలైన బానిసలూ. డెలోస్‌లో దాన్ని జరిపించిన కంపిటాలియాస్టులు తమ పేర్లు రాతి మీద చెక్కించుకున్నారు, పేర్లు చూస్తే వాళ్ళెవరో తెలుస్తుంది. ఈ రేవు రోజుకి పదివేలమంది బానిసలని దించుకుని పంపేయగలదని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఇంత పెద్ద ఇళ్ళలో బానిస ఎక్కడ పడుకున్నాడో వేలు పెట్టి చూపించడం చాలా కష్టం. ఏ గదికీ అతని గుర్తు లేదు. వీధి గుమ్మం పక్కనున్న ఆ నాసిరకం బొమ్మ దగ్గర మాత్రం అతను కచ్చితంగా నిలబడ్డాడు. అందుకే నాకు లోపలి గోడల కన్నా అదే ఎక్కువ.

మరి చచ్చిపోయాక? పడవెక్కి రెనియా. డెలోస్‌కి ఎదురుగా ఉన్న ఆ ఒడ్డంతా శ్మశానమే. ఇల్లు ఒక ద్వీపంలో, సమాధి ఇంకో ద్వీపంలో ఉండటం వల్ల పరిశోధన కూడా రెండుగా చీలిపోయింది. ఇళ్ళ పుస్తకాలు వేరు, సమాధి రాళ్ళ పుస్తకం వేరు. 1974లో మరీ-తెరీస్ కుయ్యూ రెనియా రాళ్ళని ఒకచోట చేర్చింది. కూర్చున్న ఆడమనిషి చేయి పట్టుకుని నిలబడ్డ భర్త, ఓడ పక్కన రాతి మీద తల పట్టుకుని కూర్చున్న నావికుడు. కింద పేరు, పేరు పక్కన "మంచివాడా, సెలవు" అనే రెండే రెండు గ్రీకు మాటలు.

ఒక్క రాయి గురించి చెప్పి ఆపుతాను. దాని మీద మనిషి బొమ్మ లేదు. పైకెత్తిన రెండు చేతులు మాత్రం చెక్కారు, వేళ్ళు విడదీసి, అరచేతులు మనవైపు. కింద హెరాక్లియా అనే పిల్ల కోసం ప్రార్థన. కాలం తీరకుండా పోయిన ఈ అభాగ్యురాలిని మోసంతో చంపినవాళ్ళో, విషం పెట్టినవాళ్ళో ఎవరైతే వాళ్ళ మీద, వాళ్ళ పిల్లల మీద పగ తీర్చమని సర్వోన్నతుడైన దేవుణ్ణి వేడుకుంటారు. రాయించినవాళ్ళు యూదులు, భాష గ్రీకు. ఇలాంటిదే ఇంకో రాతి మీద మార్తినే అనే పేరు కూడా ఉంది. ఒకటి బుకారెస్ట్‌లో, ఒకటి ఏథెన్స్‌లో ఉన్నాయి. ఆ పిల్ల డెలోస్‌లో ఏ ఇంట్లో ఉండేదో, ఏ గుమ్మం దాటి పడవెక్కించారో చెప్పగలిగితే బాగుండునని ఆ చేతులు చూసినప్పుడల్లా అనుకుంటాను.

చిన్నక్క:

ఒక్క దిద్దుబాటు. క్లియోపాట్రా విగ్రహాలు చావు గుర్తులు కావు. కింద శాసనం ఉంది: అపోలో గుడిలో రెండు వెండి ముక్కాళ్ళ పీఠాలు సమర్పించిన తన భర్త డయోస్కూరిడెస్ విగ్రహాన్ని క్లియోపాట్రా పెట్టించింది అని. కాలం క్రీ.పూ. 138–137. ఇద్దరూ ఏథెన్స్‌వాళ్ళు. గుడికి ఇచ్చిన కానుకని ఇంటికొచ్చినవాళ్ళందరికీ కనపడేలా చెప్పుకోవడం అది. మన ఊళ్ళల్లో గుడి ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు రాయిస్తారే, ఇక్కడ ఇంట్లోనే రాయించుకున్నారు.

ఇంకో మాట. డెలోస్ శాసనాల్లో 'రోమన్లు' అంటే రోమ్ నగరం వాళ్ళనే అర్థం కాదు. దక్షిణ ఇటలీ నుంచి వచ్చినవాళ్ళనీ అలాగే పిలిచారు. డాల్ఫిన్ల ఇంట్లో అయితే గుమ్మం లోపలి రాళ్ళు పొదిగిన నేల మీద తానిత్ దేవత గుర్తు ఉంది, అంటే ఫినీషియన్ల (ఇప్పటి లెబనాన్ తీరపు పాత వర్తకుల) ఆచారం. ఒకే ఊళ్ళో ఎవరి గుమ్మం వాళ్ళదే.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. సున్నపుపాలు గారూ, మీది చదివాక ఫోన్‌లో ఫోటోలన్నీ మళ్ళీ తీశాను. గుమ్మం పక్క దిమ్మెది ఒక్కటే ఉంది, అదీ మా ఆవిడ నీళ్ళ సీసా పట్టుకుని నిలబడితే ఆమె వెనక. పెద్దది చేసి చూస్తే పూత విరిగిన చోట మెట్లు మెట్లుగా ఉంది. నాలుగైదు గీతలు లెక్కపెట్టగలిగాను. ఒకదాని మీద ఎర్రటి మరక. ఇది మీరు చెప్పిన పొరలేనా, లేక మట్టా? ఫోటో కింద పెట్టాను.

సున్నపుపాలు:

పొరలే. ఎండ పక్కనుంచి పడింది కాబట్టి అంచులు తేలాయి, మిట్టమధ్యాహ్నం తీసుంటే ఏమీ కనపడేది కాదు. ఎరుపు మట్టి కాదు. మట్టి అయితే విరిగిన అంచు మీదకి కూడా కారి ఉండేది, ఇది అంచు దగ్గర గీసినట్టు ఆగిపోయింది. కింది నుంచి రెండో పొర మీదుంది, దాని మీద మళ్ళీ తెల్ల పూత ఉంది చూడండి.

సందు పైకి ఎక్కుతుంటే అది కుడివైపా, ఎడమవైపా? ఎదురుగా ఏముందో ఏమైనా గుర్తుందా? చెబితే పాత నకళ్ళతో పోల్చి చూస్తాను.