కోరింగకీ మారేడుమిల్లికీ పనికొచ్చే చిన్న బైనాక్యులర్ ఏది?

సైన్సు టీచర్, ముమ్మిడివరం:

నమస్కారం అండి. ఒక బైనాక్యులర్ కొనాలనుకుంటున్నాను, సలహా చెప్పండి.

హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఆదివారాలు ఏటిగట్టు మీద నడక, వీలైనప్పుడు కోరింగ మడ అడవుల్లోని చెక్కవంతెన, సంక్రాంతి సెలవుల్లో మావారితో కలిసి మారేడుమిల్లి అడవుల వైపు. దమ్ము చేసే ట్రాక్టరు వెనకాల చేరే కొంగల్ని చూడటానికి కళ్ళు చాలు. కానీ మడల్లో దూరంగా కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్ట తల గోధుమరంగా, నలుపా అంటే చెప్పలేకపోతున్నాను. మన పంటకాలువ మీద తీగలపై కూర్చునేదాని తల గోధుమరంగు. మడల్లో నల్ల తలది కూడా ఉంటుందని చదివాను. అది కళ్ళారా చూడాలి, పిల్లలకి చూపించాలి.

నాకు ప్రోగ్రెసివ్ కళ్ళజోడు ఉంది. మెడ నొప్పి వల్ల బరువు మోయలేను. బడ్జెట్ పది వేలు, తప్పదంటే ఇంకో రెండు మూడు వేలు. ఒక షాపులో 8 నుంచి 16 దాకా జూమ్ అయ్యేది చూపించి ఇదే బెస్టు అన్నారు. ఆన్‌లైన్‌లో 30×60 అని పదిహేను వందలకే ఉంది. నేను రాసుకున్నవి మాత్రం 8×25, 10×25, 8×32. ఈ మూడింటి మధ్య తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. అంకె పెద్దదైతే మంచిదేనా?

రాజమండ్రి నుంచి:

నేను 10×25 వాడతానండి. జేబులో పట్టేస్తుంది. సాయంత్రం గట్టు మీద కూర్చుని గోదావరి మధ్య తిప్పల మీద వాలే పక్షుల్ని చూడటం నా అలవాటు. అంత దూరానికి 8 చాలదు. గోడ మీద మోచేతులు ఆనించుకుంటే చెయ్యి వణకదు. 30×60 జోలికి మాత్రం వెళ్ళకండి.

తాళ్లరేవు నుంచి:

టీచర్ గారూ, గోడ మీద మోచేతులు ఆనించుకునే వీలుంటే రాజమండ్రి వారు చెప్పింది సబబే. మీరు నడుస్తూ చూసే మనిషి. కోరింగలో పడవ కూడా ఎక్కుతారు కదా. మీకు 8 తీసుకోమనే నా మాట.

ముందు ఆ రెండు అంకెల సంగతి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందనేది. రెండోది ముందు గాజు వెడల్పు, మిల్లీమీటర్లలో. పిట్ట ఎన్ని రెట్లు పెద్దదైతే మీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. కోరింగ కాలవలో ఇంజను పడవ మీద 10 పెట్టి చూస్తే గరుడ గద్ద రెక్కలు తప్ప ఏమీ ఆనదు. 8 అయితే పడవ వేగం తగ్గించినప్పుడు దాని తెల్లటి తల, ఇటుకరంగు వీపు స్పష్టంగా కనిపిస్తాయి. పైగా అంకె పెరిగేకొద్దీ కనిపించే మేర సాధారణంగా తగ్గుతుంది. మడచెట్లలో పిట్ట ఒకచోట నిలవదు. అది ఎగిరి పక్క కొమ్మ మీద వాలేలోపు దాన్ని మళ్ళీ పట్టుకోవాలంటే మేర పెద్దగా ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం, 25కీ 32కీ తేడా. రెండో అంకెని మొదటిదానితో భాగించండి. 25ని 8తో భాగిస్తే 3.1, 32ని భాగిస్తే 4. బైనాక్యులర్ వెనక నుంచి బయటికొచ్చే వెలుతురు బిళ్ళ వెడల్పు అది, మిల్లీమీటర్లలో. దాన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి 8×25 చాలు, తేడా తెలియదు. చీకటి పడే వేళ కంటిపాప ఇంకా తెరుచుకుంటుంది, అప్పుడు 3.1 సరిపోదు. 10×25 అయితే 2.5 మాత్రమే. వెలుతురు లెక్కన 32 గాజు 25 గాజు కంటే ఒకటిన్నర రెట్ల పైనే పట్టుకుంటుంది.

మన వైపు ఇది పుస్తకాల్లో లెక్క కాదండి. మడల్లో చూడదగ్గ జీవాలు చాలావరకు తెల్లారేటప్పుడూ పొద్దుగూకేటప్పుడే కదులుతాయి. బావురుపిల్లి రాత్రి సంచారి, నీటికుక్కలు కూడా ఎండెక్కాక పెద్దగా బయటికి రావు. నేను నీటికుక్కల్ని బాగా చూసింది తెల్లవారుజామున, మంచు ఇంకా నీళ్ళ మీద ఉండగా. తల్లి ముందు, పిల్లలు వెనక వరసగా. ఒకటి చేపని రెండు ముందరి కాళ్ళతో పట్టుకుని తల వైపు నుంచి కొరుకుతోంది. మీసాల మీంచి నీళ్ళు కారడం కూడా కనిపించింది. ఆ వెలుతురులో 25 గాజులో అదంతా ఒక నల్లటి ముద్దగా కనిపిస్తుంది. మారేడుమిల్లి అడవిలోనూ అంతే. పెద్ద చెట్ల కింద మధ్యాహ్నం కూడా నీడే. అక్కడ కొమ్ముకత్తిరి పిట్టలు (హార్న్‌బిల్) పైకొమ్మల్లో పండ్లు తింటుంటాయి. ఆకుల సందుల్లోంచి వాటి ముక్కు మీది నలుపు చూడాలంటే వెలుతురు కావాలి.

బరువు సంగతి మీరే తూచుకోవాలి. 8×25లు మామూలుగా 250 నుంచి 350 గ్రాములు, 8×32లు 450 నుంచి 600 దాకా. మెడకి సన్న తాడు కాకుండా రెండు భుజాల మీదుగా వెనక అడ్డంగా వేసుకునే పట్టీ ఉంటుంది, హార్నెస్ అంటారు. అది వేసుకుంటే మెడ మీద బరువే పడదు. వేరుగా కొనాలి, పెద్ద ఖరీదు కాదు.

జూమ్ వద్దు. 8 దగ్గర మేర ఇరుకు, 16 దగ్గర చీకటి, వణుకు. 30×60 అని అమ్మేవాటిలో చాలావాటికి 30 రెట్లూ ఉండదు, 60 మిల్లీమీటర్లూ ఉండదు. గాజు ఎర్రగా మెరుస్తుంటే అసలు ముట్టుకోకండి. ఎరుపుని బయటికి కొట్టేస్తుంది కాబట్టి లోపల అంతా ఆకుపచ్చగా కనిపిస్తుంది. రంగు చూసి పిట్టని గుర్తుపట్టాలనుకునే మీకు అది దండగ.

మీ బడ్జెట్‌కి కాస్త అటూ ఇటూగా సెలెస్ట్రాన్ నేచర్ డీఎక్స్ 8×32 లాంటివి చూడండి. లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసి ఉంటుంది, నీళ్ళు పడినా పరవాలేదు. ధరలు మారుతుంటాయి, కొనే రోజు రెండు మూడు చోట్ల అడగండి.

సైన్సు టీచర్, ముమ్మిడివరం:

ఎంత ఓపికగా చెప్పారండీ, చాలా థాంక్స్. 8 అని తేలిపోయింది. కళ్ళజోడు తీయకుండా చూడొచ్చా? ఇంతకుముందు ఒకరి దాంట్లో చూస్తే చుట్టూ నల్లగా, మధ్యలో చిన్న గుండ్రం మాత్రమే కనిపించింది.

తాళ్లరేవు నుంచి:

అది ఐ రిలీఫ్ తక్కువ కావడం వల్లండి. వెనక గాజు నుంచి కన్ను ఎంత దూరం దాకా జరిగినా పూర్తి బొమ్మ కనిపిస్తుందో ఆ దూరం. జోడు ఉన్నవాళ్ళకి కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. ఉదాహరణకి నైకాన్ స్పోర్ట్‌స్టార్ ఈఎక్స్ 8×25 తేలిక, 300 గ్రాములే. కనిపించే మేర 8.2 డిగ్రీలు, అంటే కిలోమీటరు దూరంలో దాదాపు 143 మీటర్లు. కాగితం మీద చాలా బాగుంది. కానీ దాని ఐ రిలీఫ్ 10 మిల్లీమీటర్లే. జోడుతో చూస్తే ఆ మేరలో చాలా భాగం మీకు అందదు. అందుకే డబ్బా మీద ముందు ఈ అంకె చూడండి.

షాపులో పెట్టి చూసేటప్పుడు వెనక రబ్బరు కప్పుల్ని పూర్తిగా కిందికి తిప్పేయండి, జోడు వాటికి ఆనాలి. ప్రోగ్రెసివ్ కాబట్టి తల నిటారుగా ఉంచి జోడు పై భాగంలోంచి చూడాలి. కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, అదే వస్తువు మీద కుడి గొట్టం దగ్గరున్న రింగు తిప్పండి. ఇది ఒకసారి కుదిరితే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు, ఇకపై మధ్య చక్రం ఒక్కటే. పిల్లల చేతికి ఇచ్చినప్పుడు మాత్రం ఆ రింగు కదిలిపోతుంది, మీ గుర్తు ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

షాపు లోపల గోడ మీద పోస్టరు చూసి కొనకండి. వీధిలోకి వచ్చి కరెంటు తీగని చూడండి. వెనక ఆకాశం తెల్లగా ఉండాలి. తీగ అంచున ఊదా, పచ్చ గీతలు మరీ ఎక్కువగా కనబడుతున్నాయా, పక్కకి జరిపితే తీగ ఎంత వంగుతోంది అని చూసుకోండి. తర్వాత దాన్ని చేతికందినంత దూరంలో వెలుతురు వైపు పట్టుకుని వెనక గాజుల్లో వెలుగు బిళ్ళ చూడండి. గుండ్రంగా ఉంటే మంచి ప్రిజమ్. అంచులు కోసినట్టు పలకగా ఉంటే చౌక రకం. ఒకటి రెండు నిమిషాలు చూశాక కళ్ళు లాగినట్టు అనిపిస్తే, ఎంత పేరున్న కంపెనీ అయినా ఆ పీస్ వద్దు. రెండు గొట్టాలూ ఒకే గీతలో లేకపోతే అలా లాగుతుంది.

దగ్గరి ఫోకస్ కూడా అడగండి. చెక్కవంతెన కింద బురదలో ఒక్క డెక్క మాత్రమే పెద్దగా ఉండే చిన్న పీతలు ఉంటాయి కదా. రెండు మీటర్లకి ఫోకస్ అయ్యేదైతే అవి ఆ డెక్క ఊపి ఆడపీతని పిలవడం పిల్లలకి చూపించవచ్చు. సీతాకోకచిలుకలూ పీతలే ఎక్కువ ఇష్టమైతే పెంటాక్స్ పాపిలియో అని 6.5×21 ఉంది, అర మీటరు దగ్గరికి కూడా ఫోకస్ అవుతుంది. వాన తడి మాత్రం దానికి పడదు.

సూర్యుడి వైపు పెట్టకూడదని పిల్లలకి బయల్దేరేముందే గట్టిగా చెప్పండి. ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది.

ఒడ్డు పిట్టల్ని చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కాకినాడలో కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురదమేటలకి వెళ్ళండి, పోటు ఎక్కుతున్నప్పుడు. పాటులో అవి దూరంగా నీటి అంచుకి వెళ్ళిపోతాయి. నీరు పెరిగేకొద్దీ అవే మన వైపు జరుగుతాయి.

కెమెరా రిపేరు, అమలాపురం:

ఒక మాట నాది కూడా. కెమెరా లెన్సులు బాగుచేయడం నా పని, బైనాక్యులర్లూ వస్తుంటాయి. మన కోనసీమలో గాజుల్ని తినేసేది బూజు. గాజు మీద సాలెగూడు లాంటి తెల్లటి పోగులు పాకుతాయి. ముదిరితే పూత కూడా పోతుంది, తుడిస్తే వచ్చేది కాదు. కాబట్టి నైట్రోజన్ నింపినదే కొనమన్నది సరైన మాట. అయితే బయటి గాజుల మీద బూజు దానికీ పడుతుంది.

వచ్చిన లెదరు సంచీలో పెట్టి బీరువాలో దాచేయకండి. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి వస్తే తడి పీల్చేసినట్టు. పెనం మీద సన్న సెగన మళ్ళీ నీలం అయ్యేదాకా వేడిచేసుకోవచ్చు, వంటకి వాడే పెనం కాకుండా చూసుకోండి. బియ్యంలో మాత్రం పెట్టకండి, పిండి దుమ్ము సందుల్లోకి పోతుంది.

అంతర్వేది వైపో హోప్ ఐలాండ్ వైపో వెళ్ళొచ్చాక గాజు మీద ఉప్పు ఉంటుంది. పైటకొంగుతోనో కండువాతోనో తుడిచారంటే ఆ ఉప్పు గింజలే గీతలు పెడతాయి. ముందు రబ్బరు బ్లోయరుతో ఊదండి. వాటర్‌ప్రూఫ్ అయితే మంచినీళ్ళు సన్నగా పోసి కడిగి, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. ఏసీ కారులోంచి దిగగానే పైన ఆవిరి పడితే కంగారు పడనక్కర్లేదు, కాసేపు సంచీలోనే ఉంచితే పోతుంది. ఆవిరి గాజు లోపల కనిపిస్తే సీలు పోయిందని అర్థం. గ్యారంటీ కాలంలో ఉంటే మీరు విప్పకుండా వెంటనే కొన్నచోటే ఇచ్చేయండి, బిల్లు దాచుకోండి.