గీతల షీటు శాంపిల్ పది ఇచ్చినారు, ఏం చూసి తేల్చాల?

నైట్‌డ్యూటీ సిస్టర్, అనంతపురం జిల్లా:
పదకొండేండ్లుగా లేబర్ రూములో ఉండాను. మాది చిన్న ఆసుపత్రి, నెలకు నలభై కాన్పులు. పోయిన వారం ఒక కంపెనీ అబ్బాయి వచ్చి, కాన్పయినంక నడుము కింద పరిచే ప్లాస్టిక్ షీటు చూపించినాడు. కింద సంచి మాదిరి వేలాడతాది, దాని మీద మి.లీ. గీతలు. "ఆఫ్రికాలో దీంతో రక్తస్రావం 60 శాతం తగ్గింది సిస్టర్" అన్నాడు. మా డాక్టర్ మేడమ్ పది శాంపిల్స్ నా చేతికిచ్చి, వాడి చూసి చెప్పు, బాగుంటే హెచ్.డి.ఎస్. (ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ) డబ్బుతో తెప్పిద్దాం అన్నారు.

నాకు ఆశగానే ఉండాది. పోయిన ఎండాకాలం ఒకామెకు రెండో కాన్పు. పోయిన రక్తం 200 మి.లీ. అని కేసు షీటులో నేనే రాసినా. గంట తిరక్కముందే ఒళ్లంతా చెమటలు, నాడి అందలేదు. పక్కకు తిప్పి చూస్తే నడుము కింద పరిచే రబ్బరు షీటు, కెల్లీస్ ప్యాడ్ మడతల్లో గడ్డలు గడ్డలు. 108లో పెద్దాసుపత్రికి పంపితే బతికింది. ఆ 200 ఇప్పటికీ గుర్తొస్తాది.

పది కాన్పుల్లో నేను ఏం చూడాల?

గైనిక్ డాక్టర్, కర్నూలు:
సిస్టర్, అతను చెప్పింది అబద్ధం కాదు, సగం మాట. అది ఈ-మోటివ్ ట్రయల్, 2023లో వచ్చింది. నాలుగు దేశాలు, 80 ఆసుపత్రులు. లీటరు దాటిన రక్తస్రావం, దానికోసం పొట్ట తెరవడం, దానివల్ల మరణం, మూడూ కలిపి మామూలు పద్ధతిలో 4.3 శాతం, కొత్త పద్ధతిలో 1.6. కానీ రెండు వైపులా షీటు ఉంది! మామూలు వైపు షీటుకు గీతల్లేవు, అంతే. గీత ఉన్న చోట 500 దాటగానే, లేదా 300 దాటి నాడీ బీపీ తేడాగా ఉంటే, అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు: గర్భసంచి మర్దన, గర్భసంచి గట్టిపడే మందు ఆక్సిటోసిన్, రక్తం ఆపే మందు ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, చిరుగులు వెతకడం, ఆగకపోతే పైకి కబురు. యూరప్‌లో 13 దేశాల్లో వట్టి సంచి ఒక్కటే ఇచ్చి చూశారు, 2010లో ఫలితం వచ్చింది. తీవ్ర రక్తస్రావం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

పది కాన్పుల్లో పెద్ద కేసు ఒక్కటీ రాకపోవచ్చు. ప్రాణం కాపాడిందా అని కాదు, గీత దాటినాక మొదటి మందు ఎన్ని నిమిషాలకు పడిందో గడియారం చూసి రాయండి.

రిటైర్డ్ సిస్టర్, కడప:
అమ్మాయీ, బిడ్డ బయటికొచ్చి ఉమ్మనీరు పోయినాకే పరుచు, లేకుంటే నీళ్లకు కూడా లెక్క కట్టి హడలిపోతావు. తల వైపు కొంచెం ఎత్తు పెట్టు. చదునుగా పండబెడితే రక్తమంతా వీపు కిందికి పోతాది, సంచి ఖాళీగా కనపడతాది. గుడ్డలు కూడా తూకం వెయ్, ఎండు గుడ్డ బరువు తీసేస్తే గ్రాముకు ఒక మి.లీ. లెక్క. హిమోగ్లోబిన్ 7 ఉండే పిల్లయితే 500 దాకా కూర్చోవద్దు తల్లీ.

స్టోర్ ఫార్మసిస్ట్, ప్రొద్దుటూరు:
శాంపిల్ ఊరికే ఇస్తారక్కా, ఆ తర్వాత రేటు అడగండి. ఒక్క కాన్పుకే పనికొచ్చే సరుకు. స్టాక్ అయిపోయిన రోజు కడిగి వాడమనే వాళ్లుంటారు, ఒప్పుకోవద్దు. అసలు ముందు ఫ్రిజ్ చూడండి. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, మే నెల కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. ట్రానెక్సామిక్ ట్రేలో ఉందా, బీరువాలో ఉందా?

నైట్‌డ్యూటీ సిస్టర్, అనంతపురం జిల్లా:
రాత్రి మొదటిది పరిచినా. నా కంటికి 150. సంచిలో 280, గుడ్డల్లో ఇంకో 40. ఆమె బాగానే ఉండాది.

ట్రానెక్సామిక్ బీరువాలోనే అన్నా. తాళంచెవి పగటి డ్యూటీ ఆమె బ్యాగులో ఇంటికి పోయింది. షీటు గురించి రాసేముందు మేడమ్‌తో ఆ తాళం సంగతి మాట్లాడతా.