నడుం దాటే జడ మీద పాతకాలం టోపీ ఎలా నిలబెట్టాలి?

కడప అమ్మాయి:
అక్కలూ, ఒక సాయం కావాలి. వచ్చే నెల గండికోటలో మా ప్రీవెడ్డింగ్ షూట్. 1920ల నాటి స్టైల్ చేద్దామని ఇద్దరం అనుకున్నాం. ఆన్‌లైన్‌లో మెరూన్ రంగు ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) క్లోష్ టోపీ తెప్పించుకున్నా, గంట ఆకారంలో తలని పట్టి ఉండేది. నా జుట్టు నడుం దాటి ఉంటుంది, బాగా ఒత్తు. ఎప్పుడూ వేసుకునే కొప్పు మీద పెడితే టోపీ పైకి లేచిపోతోంది, నుదురంతా బయటికే. జడ వదిలేస్తే టోపీ దిగుతోంది గానీ పాతకాలం కళ రావట్లేదు. కత్తిరించుకోమంటున్నారు ఫ్రెండ్స్. పెళ్ళికి పూలజడ వేసుకోవాలని చిన్నప్పటి నుంచీ ఆశ, కత్తిరించను. గాలికి ఎగిరిపోకుండా ఏం చేయాలో కూడా చెప్పండి, అదే టెన్షన్.

అనంతపురం పార్లర్ అక్క:
చెల్లీ, జుట్టు జోలికి పోవద్దు. కొప్పు చోటు మారిస్తే చాలు.

క్లోష్ అంటే ఫ్రెంచిలో గంట. పారిస్‌లో టోపీలు చేసే కరొలిన్ రెబూ 1908లో దీన్ని తెచ్చిందని చెబుతారు. 1920లలో ఆడవాళ్ళు బాబ్ కట్ చేయించుకున్నారు కాబట్టి టోపీ కనుబొమల దాకా దిగేది. అంటే నెత్తి మీద ఏమీ ఉండకూడదు. నీ జుట్టంతా మెడ దగ్గరికి దించెయ్.

ముందు రోజు షాంపూతో తలస్నానం చెయ్, నూనె పెట్టొద్దు, పిన్నులు జారిపోతాయి. పక్క పాపిట తియ్. చెవుల వెనక నుంచి సన్నగా నాలుగు జడలు అల్లి, ఒకదాని మీదుగా ఒకటి దాటించి, మెడ గుంతలో చాప పరిచినట్టు పిన్నులు పెట్టు. ఉండలా చుట్టావంటే టోపీ వెనక అంచు దాని మీదికెక్కుతుంది. నల్ల పిన్నుకి వంకర్లున్న వైపు తలకి ఆనాలి, చాలామంది తిరగేసి పెడతారు.

ఇప్పుడు అసలు సంగతి. టోపీ కింద నుంచి చెంప మీదికి రెండు వేళ్ళ వెడల్పున కనిపించే జుట్టు ఉంటుందే, దానిలోనే ఉంది ఆ కాలమంతా. దాన్ని అలలు అలలుగా దిద్దాలి. రెండు చెంచాల అవిసె గింజలు గ్లాసుడు నీళ్ళలో మరిగించు. తీగ సాగుతున్నప్పుడు దించి, వేడి మీదే పలచని గుడ్డలో వడగట్టు, చల్లారితే దిగదు. తడి జుట్టుకి రాసి, దువ్వెనతో ముందుకి లాగి, అక్కడ వేలు ఆన్చి, దాని కింద వెనక్కి లాగు. ప్రతి మలుపుకీ ఒక క్లిప్పు. పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకు. కొత్తలో నేను తొందరపడి తడిగానే క్లిప్పులు తీస్తే ఒక పెళ్ళికూతురి అలలన్నీ అరగంటలో జారిపోయాయి. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

కర్నూలు నుంచి:
ఒత్తు జుట్టుకి క్లోష్ కంటే పిల్‌బాక్స్ టోపీ మేలండీ, అంచు లేకుండా చిన్న గుండ్రటి డబ్బాలా ఉంటుంది. 1961 జనవరిలో అమెరికా అధ్యక్షుడిగా భర్త ప్రమాణ స్వీకారానికి జాక్వెలిన్ కెనడీ పెట్టుకున్నది అదే, హాల్‌స్టన్ అనే డిజైనర్ చేసింది. తల వెనక్కి పెట్టుకుంటే ముందు పఫ్ చెక్కుచెదరదు.

అనంతపురం పార్లర్ అక్క:
అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అది 40 ఏళ్ళ తర్వాతి స్టైల్, వాళ్ళ బట్టలతో కలవదు. పైగా గండికోటలో పెన్నా లోయ అంచున పోయినేడు నా చున్నీయే నిలవలేదు. క్లోష్‌కి అంచు చిన్నది, తలని పట్టుకుని ఉంటుంది.

కుట్టుమిషన్ ఆంటీ:
గాలికి ఒక ఉపాయం చెబుతానమ్మా. టోపీ లోపలి పట్టీకి రెండు పక్కలా చిన్న దువ్వెన క్లిప్పులు కుట్టు. వాటికి సరిగ్గా కింద తల మీద చెరో సన్న జడ అల్లి పరిచావంటే పళ్ళు అందులో దిగి పట్టుకుంటాయి. ఉత్త జుట్టులోనైతే జారతాయి. టోపీ వదులైతే పట్టీ వెనక స్పాంజి ముక్క పెట్టు. నలిగి వచ్చుంటే ఇడ్లీ పాత్ర ఆవిరి చూపించి చేత్తో దిద్దు, నీళ్ళలో మాత్రం తడపకు.

కడప అమ్మాయి:
రాత్రి ట్రయల్ వేశా! నాలుగు జడలూ పరిచి పెడితే టోపీ కనుబొమల మీదికి దిగింది. మా అమ్మ చూసి రెండు నిమిషాలు అలాగే నిలబడిపోయింది. ఒకటే అనుమానం, ఎదురుగా చూడాలంటే గడ్డం ఎత్తాల్సి వస్తోంది. టోపీ పెద్దదా?

అనంతపురం పార్లర్ అక్క:
సరిగ్గానే ఉంది తల్లీ. అప్పటివాళ్ళూ గడ్డం ఎత్తే చూసేవాళ్ళు. ఫొటోగ్రాఫర్‌ని కొంచెం కింద నుంచి తీయమను. ఫెల్ట్ టోపీ కాబట్టి ఎండ ముదిరేలోపు షూట్ ముగించండి, చెమట పడితే ముందు అలలు పోతాయి. పిన్నులు ఇంకో అట్ట అదనంగా పెట్టుకో.