62,000 కిలోమీటర్లు తిరిగిన స్పోర్ట్స్ కారు: ముందు రీమ్యాప్ చేయించాలా, బాగుచేయించాలా?

అలిపిరి_ఆర్‌ఎస్
గత నెల సెకండ్‌హ్యాండ్‌లో 2018 మోడల్ స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230 కొన్నాను. కాలేజీ రోజుల నుంచి ఉన్న కోరిక. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను, 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). చెన్నైలో ఒక ట్యూనరు ల్యాప్‌టాప్ తగిలించి, రీమ్యాప్ చేసి, అంటే ఇంజిను కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ (మ్యాప్) మార్చి, ఒక్క పూటలో 300 హార్స్‌పవర్ దగ్గరకు తీసుకెళ్తానన్నారు. తిరుపతిలో మా మెకానిక్ మాత్రం వద్దంటున్నారు.

కారులో రెండు ఇబ్బందులు ఉన్నాయి. భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడు మూడు వేల ఆర్‌పీఎం దాటితే కుదుపు వస్తోంది, ఇంజిను లైటు ఆరుతూ వెలుగుతోంది. మొన్న తిరుమల నుంచి దిగేటప్పుడు చివరి మలుపుల దగ్గర బ్రేకు పెడలు మెత్తబడి, ఎప్పటికంటే లోపలికి దిగింది. కుటుంబమంతా కారులోనే ఉంది. పాత యజమాని దగ్గర సర్వీసు కాగితాలు లేవు. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే వస్తుంది. ఏది ముందు?

మొగిలి_మలుపు
పెడలు మెత్తబడిందని రాశాక కూడా ఇది ప్రశ్నేనా తమ్ముడూ? ఆ కారుతో మళ్లీ కొండ ఎక్కకండి, బ్రేక్ ఆయిల్ మార్చేదాకా.

జరిగింది ఇదీ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త బ్రేక్ ఆయిల్ మరగాలంటే కనీసం 230 డిగ్రీల వేడి కావాలి. నీరు చేరిన ఆయిల్‌కు ప్రమాణం చెప్పే కనీస హద్దు 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కినా నలగదు, బుడగ నలుగుతుంది. మీ కాలి బలం చక్రానికి చేరకుండా ఆ బుడగలోనే పోతుంది.

ఇక కొండ లెక్క చూడండి. మనుషులతో కలిపి కారు 1,500 కిలోలు, దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు అనుకుందాం. దిగేసరికి వదిలించుకోవలసిన శక్తి కోటి జౌళ్లకు పైనే. 35 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. అందులో కొంత గాలికి, టైర్లకు పోతుంది. మిగతాది ఇంజిను పట్టుకోవాలి, లేదా నాలుగు డిస్కులు మోయాలి. గేరు లివరును డీలో వదిలేసి దిగితే గేరు పెట్టె తనంతట తానే పెద్ద గేర్లకు వెళ్లిపోతుంది, ఇంజిను పట్టు పోతుంది, భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. మాన్యువల్‌లోకి మార్చి రెండో గేరులో ఉంచండి. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఉన్న దారి అది, తొందరపడి చేసేదేమీ లేదు.

ఆయిల్ ఖర్చు, పనివాడి కూలీ కలిపినా మీ రీమ్యాప్ ఖర్చులో చిన్న వంతు. 300 హార్స్‌పవర్ ఈ లెక్కలో ఒక్క జౌలునూ తగ్గించదు.

కపిలతీర్థం_టర్బో
బ్రేకుల మాట ఒప్పుకుంటాను. కానీ రీమ్యాప్ అంటేనే పాపం అన్నట్టు మాట్లాడటం ఒప్పుకోను. ఇదే తరహా ఇంజిను ఉన్న నా కారుకు నాలుగేళ్ల క్రితం చేయించాను. 40,000 కిలోమీటర్లు తిరిగాను, ఇంజిను మీద చేయి వేయాల్సిన అవసరం రాలేదు. ఇదే ఇంజిను కుటుంబంతో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్‌ను 300 హార్స్‌పవర్‌తో అమ్మింది. అంటే లోహంలో ఆ సత్తువ ఉంది. బాగుచేయించడంతోనే సరిపెట్టుకునేవారు మామూలు సెడాన్ కొనుక్కోవచ్చు. ఈ కారు కొన్నది ఆ తోపు కోసమే. రేణిగుంట దాటాక ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో వచ్చే ఆ లాగుడు తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

స్వర్ణముఖి_గేర్లు
గోల్ఫ్ ఆర్ ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. ఆ కారుకు పెద్ద టర్బో, వేరే పిస్టన్లు, వేరే ఎగ్జాస్ట్ వాల్వులు, వేరే ఇంజెక్టర్లు పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చి 300 తీయలేదు.

అసలు చూడవలసింది గేరు పెట్టె. ఆర్‌ఎస్ 230లో ఉన్నది డీఎస్‌జీ అనే ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టె, ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్. దాన్ని రూపొందించిన హద్దు 350 న్యూటన్ మీటర్లు. మీ కారు ఫ్యాక్టరీ నుంచే ఆ అంచున ఉంది. దానికి ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి. మీది 62,000, కాగితాలు లేవు. మార్చలేదనే అనుకోండి. పాత ఆయిల్ మీద 400 టార్క్ మోపితే క్లచ్ జారుతుంది.

మన ఎండ సంగతీ ఉంది. మే నెల మధ్యాహ్నం ఇంజినులోకి వెళ్లే గాలే వేడిగా ఉంటుంది, ఆ గాలిని చల్లబరచాల్సిన ఇంటర్‌కూలరు కాగిపోతుంది. నాక్ (సిలిండరులో పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) మొదలవగానే కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి లాగుతుంది, అంటే నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది. డబ్బు పోసి కొన్న శక్తిలో కొంత అక్కడే కరిగిపోతుంది. నాక్‌ను తట్టుకునే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకు రాసిన మ్యాప్ పెట్టుకుని మదనపల్లె దారిలో మామూలు పెట్రోలు పోయించుకుంటే ఇంకా కష్టం.

కుదుపు సంగతి: లైటు ఆరుతూ వెలుగుతుంటే మిస్‌ఫైర్ (ఒక సిలిండరులో పెట్రోలు సరిగా అంటుకోకపోవడం), పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరుకు ప్రమాదం. వెంటనే యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసేయాలి. కంప్యూటర్‌లో నమోదైన తప్పు కోడ్ చదివించండి. ఏ సిలిండరో తెలిశాక దాని ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్‌ను పక్క సిలిండరులో పెట్టి చూడండి. తప్పు కాయిల్‌తో పాటు వెళ్తే కాయిల్, అక్కడే ఉంటే ముందు ప్లగ్గు.

చిత్తూరు_ఆర్‌సీ
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా చేయిస్తే క్లెయిము రోజున వాదించుకోవలసింది మీరే.

కపిలతీర్థం_టర్బో
నేను చెప్పి చేయించాను, ప్రీమియం పెరిగింది, కట్టాను. స్వర్ణముఖి గారూ, గేరు ఆయిల్ మాట నిజమే, నేనూ ముందు అదే మార్పించాను. ఆ సంగతి మొదటే రాయాల్సింది. కానీ తమ్ముడిని శాశ్వతంగా ఆపకండి. కారు ఆరోగ్యంగా ఉంటే చేయించవచ్చు. ఆ శక్తిని వాడే చోటు మాత్రం రోడ్డు కాదు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మనకు ఒక్క పూట ప్రయాణమే.

మొగిలి_మలుపు
ట్రాక్ అంటే మరీ మంచి బ్రేకులు కావాలి. గంటకు 100 నుంచి కాకుండా 140 నుంచి ఆపాలంటే డిస్కులు మింగవలసిన శక్తి దాదాపు రెట్టింపు.

అలిపిరి_ఆర్‌ఎస్
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. మిస్‌ఫైర్ మూడో సిలిండరులో. కాయిల్ మార్చి పెట్టినా తప్పు అక్కడే ఉంది. ప్లగ్గు తీస్తే కొస పూర్తిగా అరిగి ఉంది, నాలుగూ మార్పించాను. బ్రేక్ ఆయిల్ టీ డికాక్షన్ రంగులో వచ్చింది. గేరు ఆయిల్, ఫిల్టరు కూడా అయ్యాయి. రీమ్యాప్ కోసం దాచిన డబ్బులో సగానికి పైగా మిగిలింది.

నిన్న రెండో గేరులోనే కొండ దిగాను. అలిపిరి చేరాక కూడా పెడలు గట్టిగానే ఉంది. భాకరాపేటలో కుదుపు లేదు. నిజం చెప్పాలంటే, ఈ కారు ఇంత లాగుతుందని నాకు ఇప్పుడే తెలిసింది.

కపిలతీర్థం అన్నా, రీమ్యాప్ ఆశ వదల్లేదు. మే ఎండలో ఇగ్నిషన్ ఎంత వెనక్కి పోతోందో ముందు ఫ్యాక్టరీ మ్యాప్ మీదే రికార్డు చేసి చూడాలనుకుంటున్నాను. మీ కేబులు, ల్యాప్‌టాప్ ఒక ఆదివారం మధ్యాహ్నం తీసుకురాగలరా?